అమ్మ చీరల బొంత: ముడులు వెయ్యాలా, మిషను మీద కుట్టెయ్యాలా?

పాలకొల్లు ఆడపడుచు:

అందరికీ నమస్కారం అండి. ఒక సలహా కావాలి. పోస్టు కాస్త పెద్దది, ఓపిగ్గా చదవండి ప్లీజ్.

మా అమ్మ పోయి రెండేళ్ళయింది. ఆవిడ కట్టి వదిలిన నేత చీరలు పదకొండు బీరువాలో అలాగే ఉన్నాయి, ఎక్కువ బండారులంకవే, ఒకటి రెండు ఉప్పాడ కాటన్. ఎవరికైనా ఇచ్చేద్దామంటే చెయ్యి రాలేదు, పోనీ నేను కట్టుకుందామంటే మడమ తగిలే చోట అంచులు, కుచ్చిళ్ళు దోపుకునే చోట బట్ట చీకిపోయి ఉన్నాయి. మా పాప ఈ జూన్‌లో ఇంటర్‌కి విజయవాడ హాస్టల్లో చేరతంది, "అమ్మా, అమ్మమ్మ చీరలతో నాకు బొంత కుట్టివ్వవా, పట్టుకుపోతాను" అని అదే అడిగింది. ఇంక ఆగలేదు నేను. బాగున్న మేర చూసుకుని చదరాలు కోశాను, కుట్టయ్యాక ఒక్కోటి 6 అంగుళాలు వచ్చేలా, అడ్డం 10 నిలువు 15, మొత్తం 150 ముక్కలు. అన్నీ కలిపేసరికి 60 కి 90 అంగుళాల పైబట్ట తయారైంది. సంక్రాంతి వెళ్ళాక మొదలెడితే ఉగాదికి అయ్యింది.

లోపల వెయ్యడానికి తెల్ల ఫైబర్ షీటు తెప్పించాను, అరంగుళం మందం ఉంది, కింద వైపుకి కొత్త కాటన్ దుప్పటి కొన్నాను. ఇప్పుడు ఈ మూడింటినీ కలిపి పట్టుకునేలా చెయ్యాలి కదా, అక్కడే ఆగిపోయాను.

మా అత్తయ్యగారు ముడులు వేసెయ్యమంటున్నారు, పరుపుకి వేసినట్టు దబ్బనంతో కిందకీ పైకీ గుచ్చి ముడేస్తే నాలుగు రోజుల్లో అయిపోద్ది, పొంగు పోదు, మెత్తగా ఉంటది అని. మా తోడికోడలేమో మిషను మీద గళ్ళు కుట్టెయ్యక్కా, ముడులైతే హాస్టల్లో నాలుగు ఉతుకులకే ఊడిపోతాయి అంటది. నా దగ్గర ఉన్నది అమ్మ మిషనే, నల్లది, తొక్కుడు మిషను, సాదా కుట్టు తప్ప ఇంకోటి రాదు. దాని మీద జాకెట్లు, లంగాలు కుట్టడం వచ్చు గానీ ఇంత బొంత దాని మెడ కింద పడద్దా అని భయం. ఇక్కడ తప్పు జరిగితే మళ్ళీ ఆ చీరలు దొరకవండి. రెండు రకాలూ చేసి చూసినవాళ్ళు ఎవరైనా ఉంటే చెప్పండి.

రాజోలు టైలరమ్మ:

నేను మిషను వైపే అండి, ముందే చెప్పేస్తన్నాను. ఇరవై ఏళ్ళ నుంచి బట్టలు కుడతన్నాను, బొంతలు ఈ ఆరేడేళ్ళ నుంచి. మిషను కుట్టు పడితే బరువు గీత పొడుగునా పంచుకుంటది, ముడైతే ఆ చుక్క దగ్గరే లాగుద్ది. హాస్టల్ పిల్లలు బకెట్లో సర్ఫు నీళ్ళలో తొక్కి తొక్కి ఉతికి, తడిబరువుతోనే ఒక కొస పట్టుకుని పైకి లాగుతారు, ఆ లాగుడు ఓర్చుకోవాలంటే కుట్టే ఉండాలి.

కానీ నేను మొదటిసారి చేసిన తప్పు మీరు చెయ్యకండి. మా అక్క మనవడికి చిన్న బొంత, 40 కి 50 అంతే, చిన్నదే కదా అని పిన్నీసులు పెట్టకుండా నాలుగు మూలలా టాకాలు వేసి ఒక అంచు నుంచి కుట్టుకుంటా వచ్చేశాను. పైనుంచి చూస్తే చక్కగా ఉంది. తిరగేస్తే కింద బట్టంతా ముడతలు, ఒక చోట రెండంగుళాల మడత పడి దాని మీదనుంచే కుట్టు వెళ్ళిపోయింది. మిషను పళ్ళు కింద బట్టని లాక్కుపోతాయి, పైన ఫుట్ పైబట్టని అదిమి ఆపుద్ది, మధ్యలో షీటు మెత్తగా ఉండేసరికి పైదీ కిందదీ చెరో దారి పడతాయి. ఆ కుట్లు విప్పడానికి రెండు రోజులు పట్టింది, విప్పాక బట్ట నిండా చిల్లులు.

అప్పటినుంచి ఎంత చిన్నదైనా ఇదే పద్ధతి. గచ్చు మీద కింద బట్ట పరిచి నాలుగు వైపులా టేపు అంటించి బిగదీస్తాను, దాని మీద షీటు, దాని మీద పైబట్ట, మధ్య నుంచి అంచులకి చేత్తో నిమురుకుంటా వచ్చి నాలుగంగుళాలకో పిన్నీసు. మీ సైజుకి మూడొందల పైనే పడతాయి, చుట్టుపక్కల అడిగి పోగేసుకోండి. మొదటి కుట్టు సరిగ్గా నడిమధ్యలో నిలువుగా, తర్వాత మధ్య నుంచి కుడి పక్కవన్నీ, అవయ్యాక తిప్పుకుని ఎడమ పక్కవి. అంచు నుంచి మొదలెట్టొద్దు. నల్ల మిషనుకి ఫుట్ కడ్డీ నెత్తిన గుండ్రటి మర ఉంటది చూడండి, దాన్ని రెండు మూడు చుట్లు వదులు చేస్తే ఫుట్ అదుముడు తగ్గుద్ది. కుట్టు పొడవు 3 మిల్లీమీటర్లు, అంటే అంగుళానికి ఎనిమిది తొమ్మిది, సూది 16 నంబరు. దొరికితే వాకింగ్ ఫుట్ తెచ్చుకోండి, దానికి పైన కూడా పళ్ళుంటాయి, పైబట్టా కిందబట్టా ఒకే నడక నడుస్తాయి. పాత మిషన్ల కడ్డీకి సరిపడేది కావాలని చెప్పి అడగండి.

మెడ కింద పడదని భయం వద్దు. సగం చుట్టేస్తే 30 అంగుళాల మేర, అరంగుళం మందం, చుట్ట నాలుగున్నర అంగుళాల లావు వస్తది, గట్టిగా చుడితే ఇంకా తగ్గుద్ది, దూరిపోద్ది. కష్టమంతా బరువుతోనే. బల్ల మీద నుంచి కిందకి వేలాడిందంటే సూదిని పక్కకి లాగి విరిచేస్తది. ఎడమ పక్కన నులక మంచం వేసుకుని దాని మీద ఆనించుకోండి. ముక్కల అతుకుల మీదే కుట్టుకుంటా పోతే నిలువు 9, అడ్డం 14, మొత్తం 23 గీతలు. నాలుగు మధ్యాహ్నాలు కూర్చుంటే అయిపోద్దండి.

తణుకు పరుపుల కొట్టు:

చెల్లెమ్మా, మా తాత దూది ఏకేవాడు, నాన్న పరుపులు కుట్టేవాడు, నేను అదే కొట్టు నడుపుతున్నాను. ముడా కుట్టా అని మా దగ్గరికొచ్చిన వాళ్ళంతా అడుగుతారు. నేను ఎదురు అడిగేది ఒకటే, లోపల ఏం వేస్తున్నారు?

బూరుగు దూది అయితే దాన్ని ముడీ ఆపలేదు, కుట్టూ ఆపలేదు. పోగు పొట్టి, పట్టులా జారుద్ది, పల్చటి బట్టలోంచి బయటికొచ్చేస్తది. అది దిండ్లకే. ఏకిన పత్తి దూది అయితే పోగుకీ పోగుకీ అతుకు ఉండదు, ఒకదాని మీద ఒకటి పడుకుని ఉంటాయంతే, తడిసిందంటే ముద్ద కడద్ది. దానికి బెత్తెడుకో ముడి పడాల్సిందే. నా చిన్నతనంలో, కొట్టులో కొత్తగా కూర్చుంటున్నప్పుడు, ఒకాయన తొందర పెడుతున్నాడని ఒక రజాయికి జానెడుకో ముడి వేసి ఇచ్చేశాను. ఆరు నెలల తర్వాత పట్టుకొచ్చాడు, ఎత్తి చూపిస్తే ఎండకి ఎదురుగా బట్ట ఖాళీగా కనపడతంది, దూదంతా గడికో ఉండలా కిందకి జారిపోయింది. మొత్తం విప్పి మళ్ళీ ఏకి కుట్టి ఇచ్చాను, డబ్బులు తీసుకోలేదు.

మీది ఫైబర్ షీటు కాబట్టి ఆ బాధ తక్కువ. ఫైబర్‌ని వేడి పెట్టో, జిగురు చల్లో పోగుల్ని ఒకదానికొకటి అతికిస్తారు, అందుకే షీటులా నిలబడద్ది. కానీ అన్ని షీట్లూ ఒకటి కాదు. ఓ మూల రెండు చేతులతో పట్టుకుని మెల్లిగా లాగి చూడండి. సాగి ఆగిందంటే అతుకు బాగున్నట్టు, ఆరంగుళాల దూరం వరకు ఓర్చుకుంటది. పీచుమిఠాయిలా విడిపోయి చేతికొచ్చేసిందంటే దాన్ని దూది కిందే లెక్కేసుకోండి, నాలుగంగుళాలు దాటొద్దు, ముడైనా కుట్టైనా.

ఇంకో మాట. మీ అత్తయ్యగారు పరుపు ముడి అన్నారు కదా. పరుపుకి ముడి వేసే చోట మేము దారం కింద దూది ఉండో, గుడ్డ బిళ్ళో పెట్టి బిగిస్తాం. పరుపుల బట్ట ఎంత దళసరిగా ఉంటదో మీకు తెలుసు, అంత బట్టని కూడా వట్టి దారం బిగిస్తే కోసేస్తది. మీరు చీరలు చీకిపోయాయి అని మొదట్లో రాశారు, నాకు అక్కడే మనసు ఆగింది. మంచి భాగాలే కోశానన్నారు గానీ పాత చీర ఒక చోట చీకిందంటే మిగతా చోట కూడా సగం దారిలో ఉన్నట్టే. ముడా మిషనా అనేది తర్వాత, ముందు ఆ బట్టలో ఎంత బలం మిగిలిందో చూడండి. మిగిలిన ముక్కలు ఉంటాయిగా, రెండు బొటనవేళ్ళూ దగ్గరగా పెట్టి నిలువు పోగు వెంట ఒకసారి, అడ్డం పోగు వెంట ఒకసారి లాగండి.

భీమవరం నుంచి ఒహాయో:

పరుపుల కొట్టు అన్నయ్య చెప్పింది నూటికి నూరు పాళ్ళు నిజం. నేను ఇక్కడికొచ్చి పదేళ్ళు, ఇక్కడ బొంతల పిచ్చి చాలా ఎక్కువ. ముడులు వేసిన వాటిని ఎక్కువగా కంఫర్టర్ అంటారు. మెనోనైట్ అనే క్రైస్తవ శాఖ సంఘాల వాళ్ళు శరణార్థులకి పంపించే దుప్పట్లు చాలా మట్టుకు ముడులవే, చెక్క చట్రానికి బొంత బిగించి చుట్టూ పది మంది కూర్చుని మాట్లాడుకుంటా వేసేస్తారు. నేనూ రెండు చలికాలాలు వెళ్ళి వాళ్ళతో కూర్చున్నాను. అవి ఎక్కడెక్కడికో వెళ్ళి మొరటుగా వాడబడేవి, కాబట్టి ముడులంటే బలహీనం అనుకోవద్దు. టైలరమ్మగారూ, మీ మాట కాదన్నట్టు అనుకోకండి, ముడి సరిగ్గా పడితే ఊడదు.

సరిగ్గా అంటే, కుడి కొసని ఎడమ దాని మీదుగా వేసి బిగించి, రెండోసారి ఎడమ కొసని కుడి దాని మీదుగా వెయ్యాలి. రెండుసార్లూ ఒకే వైపు నుంచి వేస్తే అది జారుముడి అయి రెండు ఉతుకులకి విడిపోద్ది, ముడులు ఊడిపోయాయి అని చెప్పేవాళ్ళలో చాలా మంది చేసేది అదే. దారం నున్నగా ఉంటే మొదటి మెలికలో ఒకసారి కాకుండా రెండుసార్లు తిప్పండి, రెండో మెలిక వేసే లోపు వదులవ్వదు. ఒక్కో చోట దారం ఒకసారి కాదు, పక్కపక్కనే రెండుసార్లు కిందకీ పైకీ వెళ్ళాలి, కొసలు అంగుళం వదిలి కత్తిరించాలి. మొదలంటా కత్తిరిస్తే విడిపోద్ది.

ఇక్కడ లోపలి షీటు ప్యాకెట్ మీదే కుట్టుకీ కుట్టుకీ ఎంత దూరం ఉండొచ్చో రాసి ఉంటది, కొన్నిటికి 4 అంగుళాలు, కొన్నిటికి 8, ఇంకా ఎక్కువ కూడా. మీ ప్యాకెట్ పారెయ్యకపోతే ఒకసారి చూడండి. పెద్ద మిషన్లున్న వాళ్ళకి ఇస్తే చదరపు అంగుళం లెక్కన కుట్టిస్తారు, మీదైతే 5400 చదరపు అంగుళాలు అవుద్ది. నేను ఒకదానికి ఇచ్చాను, డిజైను చాలా అందంగా వచ్చింది గానీ కుట్లు దగ్గర దగ్గరగా పడి బొంత అట్టలా బిగుసుకుపోయింది. ఒళ్ళు మీద వాలదు. అది గోడకి బాగుంటది, కప్పుకోడానికి నాకు ముడులదే ఇష్టం.

పాలకొల్లు ఆడపడుచు:

ఇంత మంది ఇంత ఓపిగ్గా రాశారు, చాలా థాంక్స్ అండి. పరుపుల కొట్టు అన్నయ్యగారు చెప్పినట్టు రాత్రి లాగి చూశాను. షీటు బాగానే ఉంది, సాగి ఆగింది. చీరలే. పదకొండిట్లో ఏడు గట్టిగానే ఉన్నాయి. మిగిలిన నాలుగూ అడ్డం పోగు వెంట లాగితే టర్రుమని పోయాయి. అందులో ఒకటి చిలకపచ్చ చీర, అమ్మ మా తమ్ముడి పెళ్ళికి ముహూర్తం చీర మార్చుకున్నాక కట్టుకున్నది, పాప అదే ఎక్కువ ముక్కలు పెట్టమంది, పైబట్టలో 22 చోట్ల ఉంది అది. ఇప్పుడు విప్పి తీసెయ్యలేను. అలాంటి ముక్కలకి ముడి వెయ్యాలా కుట్టాలా, ఏది వేసినా పోతాయా?

రాజోలు టైలరమ్మ:

అయ్యో అమ్మా. అంత చీకిన బట్ట అయితే నేను కూడా ఆలోచిస్తాను. మిషను కుట్టు అంగుళానికి ఎనిమిది చిల్లులు వరసగా పెడద్ది, చీకిన బట్ట మీద అది పోస్టు స్టాంపుల చిల్లుల్లాగే, ఆ గీత వెంట చిరిగిపోద్ది. అతుకు మీద కుడితే నాలుగు పొరలుంటాయి కాబట్టి కొంత నయం. ముక్క మధ్యలో మాత్రం కుట్టకండి.

నరసాపురం లేసుపని:

నమస్తే అండి. మా ఇంట్లో మూడు తరాల నుంచి క్రోషా లేసు అల్లుతారు, మా నరసాపురం లేసుకి జీఐ గుర్తింపు కూడా వచ్చింది కదా. మీ చిలకపచ్చ చీర సంగతి చదివాక రాయకుండా ఉండలేకపోయాను.

పైబట్ట విప్పొద్దు. దాని వెనకాల కొత్త పల్చటి మల్లు బట్ట, నీళ్ళలో తడిపి ఆరేసినది, మొత్తం 60 కి 90 మేర పరిచి రెండూ కలిపి చేత్తో అక్కడక్కడా టాకాలు వేసెయ్యండి. తడపకుండా వేస్తే మొదటి ఉతుకుకి మల్లు కుంచించుకుపోయి చీర ముక్కలు ఉబ్బుతాయి. చీకిన ముక్కల చుట్టూ మాత్రం అతుకు పక్కనే సన్న సూదితో సన్న కుట్లు, మల్లుకి పట్టుకునేలా. అప్పుడు లాగుడంతా మల్లు మీద పడద్ది, చీర కేవలం కనపడడానికి ఉంటది.

ముడులు ఎక్కడ వెయ్యాలంటే, నేను లెక్కేశాను. నాలుగు చదరాలు కలిసే మూలల్లో వేస్తే ఆరంగుళాలకొకటి, అవి 126 వస్తాయి, అక్కడ అతుకుల మడతలుంటాయి కాబట్టి బట్ట బలంగా ఉంటది. అవి చాలవు అనిపిస్తే ప్రతి చదరం నడిమధ్యలో ఇంకోటి, అవి 150. మొత్తం 276. అప్పుడు మూలకీ మధ్యకీ దూరం నాలుగుంపావు అంగుళాలే, దూది వేసినా నిలబడద్ది. చిలకపచ్చ ముక్కల నడిమధ్యలో వెయ్యాల్సి వస్తే ముడి కింద చిన్న బిళ్ళ పెట్టండి, అన్నయ్య చెప్పినట్టు. నేనైతే లేసు దారంతోనే చిన్న చిన్న పూలు అల్లి పెడతాను, వేలిగోరంత, పువ్వు మధ్యలోంచి దారం పోయి బిగుసుకుంటది, బట్ట కొయ్యదు.

దారం కూడా లేసు దారమే వాడండి, కాటన్‌ది, పురి గట్టిగా ఉంటది. నున్నగా ఉంటది కాబట్టి ఒహాయో అక్క చెప్పిన డబుల్ మెలిక తప్పనిసరి. పిల్లల స్వెట్టర్ల ఊలు వద్దు, ఆక్రిలిక్‌ది మెత్తగా ఉంటది గానీ ముడి వదులవ్వొచ్చు. ముడికి ఆరంగుళాల దారం చొప్పున 276 కి 42 మీటర్లు, రెండు పోగులు కలిపి వేస్తే 84. ఒక ఉండ చాలా ఎక్కువ.

ఆత్రేయపురం మామ్మ:

మా మనవరాలు ఫోన్లో చదివి వినిపిస్తే చెప్తన్నాను, తనే టైపు చేస్తంది. నాకు 74.

బొంతకి మిషనూ లేదు ముడీ లేదు. మా రోజుల్లో రెండు మూడు పాత చీరలు మడతలేసి, పైన కాస్త మంచి చీర కప్పి, పాత చీర అంచులోంచి లాగిన పోగులు పురేసి, దాంతోనే కుట్టేవాళ్ళం. అరుగు మీద ఒకళ్ళు ఇటు ఒకళ్ళు అటు కూర్చుని, అంచు నుంచి చుట్టూ తిప్పుకుంటా లోపలికి, ఆఖరికి నడిమధ్యలో కలిసేవాళ్ళం. వేలెడు దూరానికో వరస. అలా కుట్టింది చిరిగేది కాదు, ఒక చోట పోయినా పక్క కుట్టు పట్టుకునేది, మళ్ళీ దాని మీదే ఇంకో పాత గుడ్డ వేసి కుట్టేసేవాళ్ళం. నా పెళ్ళినాటి బొంతకి ఎన్ని పొరలున్నాయో నాకే తెలీదు. ఏటా కాలవలు కట్టేసే లోపు బొంతలన్నీ కాలవ రేవుకి పట్టుకుపోయి ఉతికి గట్టు మీద ఆరేసేవాళ్ళం, ఆ గట్టు పొడుగునా రంగురంగులుగా ఉండేది.

ఆ తెల్ల షీటు తీసెయ్యమ్మా. మన ఉక్కకి అది చెమట పట్టిస్తది. చీర మీద చీర వెయ్యి. చిన్నపిల్ల ఒంటికి నూలు తగలాలి.

తణుకు పరుపుల కొట్టు:

పెద్దమ్మగారికి నమస్కారం. చేతికుట్టు మాట కాదనేదే లేదు, చీకిన బట్టకి దాన్ని మించింది లేదు, సూది పోగుల సందులోంచి పోతది గానీ పోగుని తెంపదు. అయితే హాస్టల్ గదిలో గట్టూ ఉండదు, ఎండా ఉండదు. ఆగస్టులో ముసురు పట్టిందంటే చీరల పొరల బొంత మూడ్రోజులైనా లోపల తడారదు, ముక్కిన వాసన పడద్ది, ఒకసారి పడితే ఇంక పోదు. ఫైబర్ నీళ్ళు పీల్చుకోదు, ఫ్యాను కింద వేసినా పూటలో ఆరిపోద్ది. ఆ పాపకి అదే మంచిదనుకుంటాను.

భీమవరం నుంచి ఒహాయో:

మామ్మగారూ, మీరు అంచు నుంచి లోపలికి అన్నారు చూడండి, కర్ణాటకలో సిద్దిలని, ఆఫ్రికా మూలాలున్న వాళ్ళు ఉన్నారు, వాళ్ళ ఆడవాళ్ళు కుట్టే కవంది అనే బొంత కూడా అచ్చం అంతే, మూల దగ్గర మొదలెట్టి చుట్టూ తిరుగుతా మధ్యకి వస్తారు. ఇక్కడ దాన్ని నేర్చుకోడానికి జనం క్లాసులకి వెళ్తున్నారు. టైలరమ్మగారు మధ్య నుంచి అంచుకి అన్నది మిషను పళ్ళు లాగుతాయి కాబట్టి. చేత్తో అయితే ప్రతి వరసకీ నిమురుకుంటా పోవచ్చు, అందుకే అది అలా నడుస్తది. మీ ఇంట్లో ఆ బొంత ఇంకా ఉంటే ఫొటో పెట్టమని మనవరాలితో చెప్పండి.

పాలకొల్లు ఆడపడుచు:

మూడు వారాల తర్వాత రాస్తున్నాను, ఏమయ్యిందో చెప్పకపోతే బాగుండదు.

మీ అందరివీ చదివాక, పెద్దదాని మీద చెయ్యి పెట్టే ముందు మిగిలిన ముక్కలతో మూడు చిన్నవి కుట్టాను, ఒక్కోటి తొమ్మిది చదరాలు, 18 కి 18. ప్రతి దాంట్లో కావాలనే రెండు చిలకపచ్చ ముక్కలు పెట్టాను. ఒకటి మిషను మీద, అతుకుల మీద ఒక గీత, ముక్కల మధ్యలో ఒక గీత. రెండోది వట్టి ముడులు. మూడోది మల్లు వేసి, ముడులు వేసి, చిలకపచ్చ మీద లేసు పూలు పెట్టి. పాప చేతే ఉతికించాను, తను హాస్టల్లో ఎలా ఉతుకుద్దో అలాగే, బకెట్లో తొక్కి, పిండి, ఐదుసార్లు.

మిషనుది అతుకుల మీద చెక్కు చెదరలేదు, టైలరమ్మగారు అన్నట్టే. కానీ చిలకపచ్చ ముక్క మధ్యలో పోయిన గీత వెంట నాలుగో ఉతుక్కి చీలింది, ఎంత నీటుగా అంటే కత్తెరతో కోసినట్టు. వట్టి ముడుల దాంట్లో మూలల్లో వేసినవి అన్నీ బాగున్నాయి, చిలకపచ్చ నడుమ ఉన్న ముడి చుట్టూ మాత్రం కందిగింజంత చిల్లు పడి లోపలి తెలుపు కనపడతంది. మల్లు వేసిన దాంట్లో ఏమీ కాలేదు. ఒక్క పువ్వు వంకరగా తిరిగింది అంతే. ఆరడం కూడా చూశాను, పొద్దున డాబా మీద నీడలో వేస్తే భోజనాల వేళకి ఆరిపోయాయి.

అందుకని మల్లు, ముడులు. చుట్టూ అంచు మాత్రం మిషను మీదే వేస్తాను, పట్టీ వేసి రెండు వరసలు, ఎందుకంటే ఎత్తేటప్పుడు పిల్లలు లాగేది ఆ అంచే. మామ్మగారి మాట కూడా ఊరికే పోనివ్వలేదండి. చిలకపచ్చ ముక్కలు 22 కీ చుట్టూ చేతికుట్టు వేశాను, అదే చీర అంచులోంచి లాగిన పోగులతో. పురి పెట్టడం మా అత్తయ్యగారికి వచ్చు, తొడ మీద వేసి అరచేత్తో ఒక్క తోపు తోస్తే రెండు పోగులూ మెలికపడతాయి, నాకు ఇంకా రాలేదు.

దారం నరసాపురంలో తీసుకున్నాను, గంధం రంగు. పూలు నేను అల్లలేను కాబట్టి అక్కడే ఒకావిడ చేత 22 అల్లించుకున్నాను. ముడి కొసలు పైకి కనపడాలా కిందకా అని పాపనడిగితే కిందకే అంది, పైన చెంపకి గుచ్చుకుంటాయట. నిన్నటికి మూలలవి 126 అయ్యాయి, మధ్యవి 40 పైన. రోజూ రాత్రి అన్నాలయ్యాక కూర్చుంటున్నాం, నేను గుచ్చుతాను, అత్తయ్యగారు ముడేస్తారు, పాప కొసలు కత్తిరిస్తది. ఒహాయో అక్కా, అంగుళం అన్నారు కదా, మా పాప స్కేలు పెట్టి మరీ కత్తిరిస్తంది.